రేకు మీద నీడ పడే ఏడు

గురుబారికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తన కూతురు భాను తనలాగే తల్లి లేకుండా పెరగడం. ఆమె పాముకి భయపడదు. ఎలుగుబంటి తిరిగే కాఫీ తోటలో ఒక్కత్తీ పళ్ళు కోయడానికీ భయపడదు. ఈ ఒక్క తలపు వస్తే మాత్రం చేతిలో పని వదిలేసి పిల్లని ఎత్తుకుంటుంది. ఆ భయం వల్లే ఆ మధ్యాహ్నం, అరవై దాటిన అత్త బుద్రి ఎండలో గునపం ఎత్తి దించుతుంటే, ఇరవై రెండేళ్ళ తను ఏడు నెలల పిల్లని ఒళ్ళో వేసుకుని గోడవార కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

ముంచింగిపుట్టు సంత దగ్గర జీపు ఎక్కి, తారు రోడ్డు ఆగిపోయినచోట దిగి, గెడ్డ అని పిలిచే కొండవాగు దాటి కొండ ఎక్కితే దుంపగుడ. పాత ఊళ్ళో మట్టిగోడలు, గడ్డి కప్పులు, వాటి మీదికి ఒరిగిన పనసలు, మామిళ్ళు ఉండేవి. గాలివానకి సగం ఇళ్ళు పడిపోయాక ప్రభుత్వం పక్క కొండని చదును చేయించింది. పొద కూడా మిగలకుండా గీకేసిన ఆ నేల మీద రేకుల ఇళ్ళు వరసగా లేచాయి. చలి ఊరని పేరేగానీ, శివరాత్రి దాటితే పగటిపూట ఆ రేకుల కింద పసిపిల్లలు చెమటకాయలతో రాత్రిదాకా ఏడుస్తారు. పోయిన వేసవిలో ఇంటింటా ఫ్యాను ఆగకుండా తిరిగింది. ఉచిత కరెంటు హద్దు దాటిపోయి బిల్లులు వచ్చాయి. కట్టలేని ఇళ్ళకి తీగ కోసేశారు. గురుబారి ఇల్లు వాటిలో ఒకటి.

అప్పుడు నీడ పథకం వచ్చింది. ఇంటి పడమటి గోడ పక్కన చెట్లు పెంచితే మధ్యాహ్నపు ఎండ రేకుని కాల్చదు, ఇల్లు చల్లబడుతుంది, కరెంటు వాడకం తగ్గుతుంది. డబ్బు ప్రభుత్వమే ఇస్తుంది. మొక్కలు నాటిన ఇంటికి కోసిన తీగ మళ్ళీ కలుపుతారు. మాట మంచిదే. వచ్చిన కాలమే మంచిది కాదు. నిధులు మార్చి నెలాఖరులోపు ఖర్చు కావాలట. వానలు పడ్డాక పాతాల్సిన మొక్కలు, గెడ్డలో నీళ్ళు మోకాలికి కూడా రాని రోజుల్లో ట్రాక్టరులో వచ్చి దిగాయి.

కానీ దుంపగుడ వాళ్ళ అసలు చిక్కు ఎండ కాదు.

కాఫీ మొక్క ఎవరైనా పాతుకోవచ్చు, అది పంట. మిరియాల తీగ పాకించుకోవచ్చు. ఇంటి మీద నీడ పడే పెద్ద చెట్టు మాత్రం వేరు. ఆ చెట్టు నీడ ఇంటి కప్పుని తాకిన ఏడు, దాన్ని పాతిన మనిషి పోతుందని ఆ ఊరి నమ్మకం. అందుకని పిల్లల్ని కనడం అయిపోయి, మగడు కూడా పోయిన ముసలిదాని చేతే పాతిస్తారు. పాతాక ఆ చేతుల మీద ఇంకో ఆడమనిషి గెడ్డ నీళ్ళు పొయ్యాలి. పొయ్యకుండా గడప దాటితే, లోపల మంచాన ఉన్నవాళ్ళకి తగులుతుంది.

వెనకటి రోజుల్లో ఇది ఎవరికీ భారం కాలేదు. ఊరు మొత్తానికి పదేళ్ళకో చెట్టు పాతేవాళ్ళు. ఇప్పుడు ఇంటికి మూడేసి చెట్లు, అవీ ఒక్క వారంలో పాతాలి. ఊళ్ళో అలాంటి ముసలివాళ్ళు ఇద్దరే. ఒకామెకి కళ్ళు కనబడవు. మిగిలింది బుద్రి.

"బేగి కానీ బుద్రీ, పొద్దు తిరిగిపోతంది," అన్నాడు ఊరి పెద్ద సోములు, అప్పుడు మొక్కలు పాతుతున్న కనక అనే ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని. గుంతకి ఎనభై రూపాయలు ఇంటి ఆడమనిషి ఖాతాలో పడతాయి. అందులో డెబ్భై సోములు తీసుకుంటాడు, మనిషిని కుదిర్చినందుకు. బుద్రికి రోజుకో మానెడు బియ్యం, సాయంత్రం జీలుగు కల్లు ముట్టజెపుతాడు. అతను అది మోసమనుకోడు. ముసలిదానికి డబ్బెందుకని అతని ఉద్దేశం.

పథకం తరఫున వచ్చిన జగదీష్, అనకాపల్లి వైపు కుర్రాడు, ఫోను పట్టుకుని ఎండలో నిలబడ్డాడు.

"ఇంటావిడ రండమ్మా! మొక్క పట్టుకోండి. గుంతలో పెడుతున్నట్టు కనబడాలి."

కనక వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, నోరు గట్టిది. "సార్, ఫొటోలో నా మొకం సాలదేటి? సెయ్యి కూడా పడాలా?"

"చెయ్యి లేకపోతే యాప్ తీసుకోదమ్మా."

కనక కొంగు వేళ్ళకి చుట్టుకుని, మొక్క ఉన్న నల్ల ప్లాస్టిక్ కవరు కొసని రెండు వేళ్ళతో పట్టుకుంది. మిగతా శరీరాన్నంతా వెనక్కి వంచేసింది.

"ఓలె కనకా, అది మొక్కనేటి, సచ్చిన ఎలకనేటి?" అని అరిచింది పక్కింటామె. ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు.

జగదీష్‌కి విసుగొచ్చింది. "ఏంటమ్మా ఈ మూఢనమ్మకాలు? చెట్టు పాతితే మనిషి చచ్చిపోతుందా?"

"మరి మీ బండికి నిమ్మకాయా మిరపకాయలూ ఏటి సార్? కూరొండుకోడానికా?"

ఈసారి జగదీష్ కూడా నవ్వాడు. "అది మా అమ్మ కట్టింది లేమ్మా. తీసేస్తే ఊరుకోదు."

"మాకూ ఊరుకోనోల్లు ఉన్నారు సార్," అంది కనక, సోములు వైపు చూడకుండా. ఫొటో పడగానే కవరు వదిలేసి దూరంగా గెంతింది.

బుద్రి కవరు చింపి, వేరుముద్దని రెండు అరచేతుల్లో పెట్టుకుని, వంగి గుంతలో దించింది. మట్టి కప్పి అరచేత్తో అదిమింది. కనక బిందెడు నీళ్ళు తెచ్చి, చెయ్యి చాచినంత దూరంలో నిలబడి బుద్రి చేతుల మీదా తల మీదా కుమ్మరించింది. పొద్దుటినుంచీ ఇంటింటా ఇదే వరస. బుద్రి చీర ఆరీ ఆరకముందే మళ్ళీ తడుస్తోంది. నడినెత్తిన ఎండ, ఒంటి మీద గెడ్డ నీళ్ళు.

నవ్వనిది గురుబారి ఒక్కతే. ఆమె అత్త మడమలనే చూస్తోంది. గునపం ఎత్తినప్పుడల్లా ఆ మడమలు నేల వదిలి వణుకుతున్నాయి. లేచి గునపం అందుకోవాలనిపించింది. తవ్వితే తప్పా, పాతితేనే తప్పా? ఎవరినైనా అడగాలి. అడిగితే సోములు వింటాడు. అంతలో భాను ఒళ్ళో కదిలి, చెమటకాయల మెడని తల్లి రవికకేసి రుద్దుకుంది. గురుబారి కూర్చున్నచోటనే ఇంకొంచెం ముడుచుకుంది.

పక్కింటి గోడ దగ్గర, గునపం ఎత్తిన బుద్రి దాన్ని దించలేదు. గునపం వెనక్కి పడింది. మనిషి ముందుకి పడింది.

ఆడవాళ్ళు మంచినీళ్ళు తెచ్చారు. చోడి అంబలి తాగించారు. సోములు కల్లు సీసా తెచ్చి మూత తీశాడు. "ఒక గుక్కెయ్యి, లెగిసి కూకుంటాది. ముసిల్ది కదా, ఎండ తగిలీసింది. రేపు పొద్దున్నే మొదలెడితే అయిపోద్ది. ఇంక మూడిల్లే."

ఆ మూడిళ్ళలో చివరిది గురుబారిదే.

పొద్దు కుంకేవేళకి బుద్రి అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చోగలిగింది. ఒళ్ళు కాలుతోంది. అయినా మనవరాలిని ఇమ్మని చేతులు చాపింది. గురుబారి పిల్లని అందించి, పొయ్యి రాజేసి, గంజి కాచి తెచ్చింది. మగడు ఫల్గుణ బోరు లారీతో రాయలసీమ వైపు పోయి మూడు నెలలైంది. ఈ చల్లబడే వేళలోనే అత్తాకోడళ్ళు మాట్లాడుకుంటారు.

"అత్తా, నీకు బయ్యం నేదా?"

"దేనికే?"

"అన్ని సెట్లు పాతినావు. ఏ నీడ ముందు తగులుతాదో..."

బుద్రి పిల్ల వేళ్ళని ఒక్కొక్కటీ విప్పుతూ ముడుస్తూ కూర్చుంది.

"బయ్యం ఎందుకుండదే గుంటా? నాను మనిషిని కాదేటి? మొక్క దించినప్పుడల్లా రేకు ఎంత ఎత్తుందో సూసుకుంటన్నాను. ఇది బేగి ఎదుగుద్దా, నిదానంగా ఎదుగుద్దా అని సార్ని అడిగినాను. నాలుగేల్లకి రేకు దాటీసి పోద్దమ్మా, మంచి రకం అన్నాడు. సంబరంగా సెప్పినాడు." ఆమె నవ్వబోతే దగ్గు వచ్చింది. "నాలుగేల్లంటే మన బాను బడికెల్లేదాకా. గౌను ఏసుకుని ఎల్లడం సూసి సచ్చిపోతే సాలు అనుకున్నాను. మల్లీ, అది ఇంటికొచ్చి ఏటి నేర్సుకుందో సెప్తే వినాలి కదా అనిపించింది."

గురుబారి పొయ్యిలోని కట్టెని అనవసరంగా ఎగదోసింది.

"అందరూ నాను సచ్చిపోతానని లెక్కేసీసుకున్నారు," అంది బుద్రి. కోపంగా అనలేదు. "నన్నెవులూ అడగనేదు."

నువ్వు కూడా అడగలేదని ఆమె అనలేదు. గురుబారికి మాత్రం ఆ మాటే వినబడింది.

గురుబారి తల్లి ఇలా లెక్కలేసుకున్న మనిషి కాదు. ముప్పై నిండకముందే, ఎవరి మాటా వినకుండా, ఇంటి వెనక పనస పిక్క పాతింది. "నా పిల్లలు తింటారు," అంది అంతే. గురుబారి ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివే ఏడు ఆ పనస ఇంటిని కమ్మింది. ఆ ఏడే తల్లికి పురిటి నొప్పులొచ్చి, బిడ్డ అడ్డం తిరిగింది. తెల్లవారి డోలీ కట్టారు. నలుగురు మగవాళ్ళు మోశారు, సెలవుకి ఇంటికొచ్చి ఉన్న గురుబారి వెనకే నడిచింది. గెడ్డ పొంగి ఉంది. అది తగ్గేదాకా ఒడ్డున దించి కూర్చున్నారు. సాయంత్రానికి డోలీలో మోయాల్సిన మనిషి లేదు.

ఊరంతా చెట్టు పేరే చెప్పింది. చెల్లినీ తమ్ముడినీ చూసుకోవడానికి గురుబారి బడి మానేసింది, పుస్తకాల సంచీ అక్కడే ఉండిపోయింది. అప్పటినుంచీ పనసపండు ముట్టదు.

ఇప్పుడు, పొయ్యి ముందు, అత్త దగ్గు వింటూ కూర్చుంటే ఆమెకి ఆ గెడ్డ ఒడ్డు కళ్ళకి కట్టింది. డోలీ కింద పెట్టి బీడీ కాల్చుకుంటున్న మగవాళ్ళు. తడిసిన దుప్పటి. అవతలి ఒడ్డున జీపు నిలబడి, కాసేపు చూసి, వెళ్ళిపోవడం. తొమ్మిదేళ్ళుగా అందరూ చెట్టునే తిట్టారు. ఆ గెడ్డ మీద వంతెన లేదన్న మాట ఒక్కరూ అనలేదు. ఈ రోజుకీ లేదు. ఆ సంగతి తనకి ఇన్నేళ్ళుగా ఎందుకు తట్టలేదో ఆమెకే తెలియలేదు. తట్టినా భయం పోలేదు. పక్కన ఇంకో భయం వచ్చి కూర్చుంది, అంతే.

తెల్లవారేసరికి బుద్రి లేవలేదు. కళ్ళు తెరుస్తోంది, మాట తడబడుతోంది, ఊపిరి కొసన పిల్లికూతలా చప్పుడొస్తోంది. గురుబారి మంచం పక్కన నీళ్ళ చెంబు పెట్టి, పిల్లని గుడ్డతో వీపున కట్టుకుని, సోములు ఇంటికి పరిగెత్తింది.

"మావా, అత్తకి బాగోనేదు. డోలీ కట్టించండి. రోడ్డుదాకా దించితే అంబులెన్సు వత్తాది."

సోములు వేపపుల్ల నములుతూ విన్నాడు. "కట్టిత్తాను. నానేటి రాచ్చసుడినా? ఈ మూడిల్లూ అయిపోనీ. ఈ రోజుతో గడువు సరి. మద్దేన్నానికి మొక్కలు పాతీకపోతే ఊరందరికీ డబ్బులు పడవంట. ముసిల్దాన్ని అలా ఎత్తుకొచ్చి కూకోబెట్టు. గుంతలు మనోల్లు తవ్వేత్తారు. సెయ్యి ఆనిత్తే సాలు."

"ఆవిడ సెయ్యి లెగట్నేదు మావా."

"నువ్వు పట్టుకుని ఆనించు."

అతను పాపపు మాట అన్నట్టు కూడా అనుకోలేదు. అది చూసి గురుబారికి కోపం రాలేదు. తను నిన్న మధ్యాహ్నమంతా చేసింది ఇదే కదా. గోడవార కూర్చుని, పట్టుకోకుండానే, అత్త చెయ్యి పట్టుకుని ఆనించింది.

ఇంటికి వచ్చేసరికి జగదీష్ బండి వాకిట్లో ఆగి ఉంది. గడప అవతల మంచం మీద బుద్రిని చూసి అతని మొహం మారింది.

"సార్, మీ బండి మీద దించీండి సార్. నాను ఎనక కూకుని పట్టుకుంటాను."

జగదీష్ ఫోను చూసుకున్నాడు. "దించుతానమ్మా. తప్పకుండా దించుతాను. కానీ పన్నెండులోపు ఈ మూడిళ్ళ ఫొటోలు అప్‌లోడ్ చెయ్యాలి. ఇక్కడ సిగ్నల్ లేదు, పైన గట్టు మీదికి పోవాలి. ఒక్క ఇల్లు తగ్గినా ఊరి పేరు మొత్తం కొట్టేస్తారు. నా ఉద్యోగం ఎలా ఉన్నా, మీ తీగలు కలపరు." అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఎవరో ఒకరు పాతెయ్యండమ్మా. పది నిమిషాల పని. ఫొటో కొట్టి గట్టు ఎక్కి వచ్చేస్తాను."

వాకిట్లో జనం చేరారు. సోములు వచ్చాడు. ఇద్దరు మగవాళ్ళు పడమటి గోడ పక్కన గుంతలు తవ్వేసి, గునపాలు ఆనుకుని నిలబడ్డారు. మొక్కలు కవర్లలో వాడి తలలు వాల్చి ఉన్నాయి. మూడిళ్ళ ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు.

"తీసుకురా మరి ముసిల్దాన్ని," అన్నాడు సోములు.

"మా అత్త రాదు," అంది గురుబారి.

అది ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అంది. "మా అత్త రాదు. మీ ఇల్లకీ రాదు. మాది నాను పాతుతాను. ఎవులిది ఆల్లు పాతుకోండి."

"ఓలమ్మ! పసిపిల్ల తల్లివి," అంది కనక. వేళాకోళం లేదు ఆ గొంతులో. "మీ అమ్మ సంగతి మర్సిపోనావేటి?"

"మర్సిపోనేదు. మా అమ్మని గెడ్డ ఒడ్డున కూకోబెట్టీసారు. అదీ మర్సిపోనేదు."

సోములు పుల్ల ఉమ్మేశాడు. "పాతుకో. పాతుకుంటే మాత్రం, డోలీకి ఈ ఊరి బుజం రాదు. సెయ్యి కడగడానికి ఈ ఊరి బిందె రాదు. నీ ఇట్టం."

గురుబారి కవరు చింపింది. వీపు మీద భాను బరువు. వేరుముద్ద అరచేతుల్లో చల్లగా, తడిగా, పుట్టిన బిడ్డ తలలాగా ఉంది. గుంత పక్కన నేల మీద మోకాళ్ళూనింది. రేకు వైపు చూడకూడదనుకుంది. చూసింది. ఎంత ఎత్తు లేదు. నాలుగేళ్ళు. భాను బడికెళ్ళేదాకా. కళ్ళు మూసుకుని మొక్కని గుంతలో దించింది. ఒకటి. రెండు. మూడు. మట్టి కప్పి, అత్త అదిమినట్టే అరచేత్తో అదిమింది.

జగదీష్ ఫోను చప్పుడు చేసింది. మిగిలిన ఇద్దరు ఆడవాళ్ళనీ పిలిచాడు. వాళ్ళు కదల్లేదు. అతను ఒక్క క్షణం ఆగి, సగం పనితోనే బండి స్టార్టు చేశాడు. "దీన్నైనా పంపి, ఇంకో రోజు గడువు అడుగుతాను. వెంటనే వచ్చేస్తానమ్మా," అంటూ గట్టు వైపు దుమ్ము లేపుకుంటూ పోయాడు.

జనం విడిపోయారు. తలుపులు దగ్గరగా పడ్డాయి.

గురుబారి మట్టి చేతులు ఒంటికి తగలకుండా ముందుకి చాపుకుని, గాలికి దగ్గరగా పడిన తన ఇంటి తలుపు ముందు, గడప ఇవతల కూర్చుంది. "అత్తా," అని పిలిచింది. లోపల చెంబు కదిలిన చప్పుడైంది. "సార్ వచ్చేత్తన్నాడు. బండి మీద ఎల్దాం." దగ్గు వినబడింది. కాసేపటికి మళ్ళీ పిలిచింది. ఊ అన్నట్టు మూలుగు. గట్టు మీద బండి చప్పుడు ఏదీ లేదు. ఎండ గోడ దిగి ఆమె పాదాల దాకా వచ్చింది. మళ్ళీ పిలిచింది.

ఈసారి ఏమీ వినబడలేదు.

లేచి లోపలికి పోవాలి. అడుగు దూరమే. కానీ చేతుల మీద మట్టి అలాగే ఉంది, ఎండి బిగుసుకుంటోంది. ఇదంతా ఒట్టిదేమోనని నిన్న పొయ్యి ముందు అనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు. తను చస్తే చావనీ అనుకుని పాతగలిగింది. ఈ చేతులతో గడప దాటి, లోపలున్న మనిషికే ఏదైనా అయితే? ఒక కట్టు తెంపిన మనిషికి రెండోది తెంపే బలం ఆ పూటే రాదు.

ఎదురింటి తలుపు సగం తెరుచుకుంది. కనక నిలబడి ఉంది, చంకలో నిండు బిందెతో. ఒక అడుగు వాకిట్లోకి వేసింది. పక్కింటి అరుగు మీద కూర్చున్న సోములు తల తిప్పి చూశాడు. కనక అక్కడే ఆగిపోయింది. బిందె అంచు నుంచి నీళ్ళు ఆమె చీర మీదికి కారుతున్నాయి.

వీపు మీద భాను నిద్రలో చిన్నగా కదిలింది.

ఇది చదువుతున్న మీకు ఆ ఊరి కట్టు లేదు. మీ చేతులకి మట్టి లేదు. ఆ తలుపు దగ్గరగా వేసి ఉందంతే, గడియ పెట్టలేదు. గురుబారి పక్కనుంచి వెళ్ళండి, ఆమె ఏమీ అనదు. లోపల, కుడిచేతి వైపు నులక మంచం మీద బుద్రి ఉంటుంది. ఎలా ఉందో ఒకసారి చూసి, బయట కూర్చున్న గురుబారికి చెప్పండి.